లైఫ్ జాకెట్ తొడుక్కొచ్చిన ప్రొఫెసరు

కరోనాకు ముందటి చలికాలంలో జెద్దాలోని ఒక నిర్మాణ కంపెనీ వాతావరణ విభాగంలో ఫోర్‌కాస్టరుగా చేరాను. రోజూ ఉదయం బులెటిన్ ఇవ్వడం నా పని. పచ్చ రంగు పెడితే పని సాగుతుంది. పసుపు పెడితే క్రేన్లు ఆగుతాయి. ఎరుపు పెడితే సైటు ఖాళీ చేయాలి. ఎరుపు పెట్టే అధికారం మా పైఅధికారి ఒక్కరిదే. ఆయన అమెరికాలో జీవితమంతా వాతావరణ శాస్త్రం బోధించి, రిటైరయ్యాక ఇంట్లో కుదురుగా కూర్చోలేక ఇక్కడికొచ్చిన ప్రొఫెసరు. భరించలేక భార్యే పంపేసి ఉంటుందని ఆఫీసులో అనుకునేవాళ్లం. ఉపగ్రహ చిత్రాలు తెరిచి మబ్బుల్ని మనుషుల్ని తిట్టినట్టు తిట్టేవారు.

ఆ నవంబరులో కొత్త సైటుకు ప్రారంభోత్సవం పెట్టారు. పెద్దల వేదిక గట్టు మీద, కూలీల భోజనాల టెంటు మాత్రం కింద వాదీలో, అంటే ఎండిపోయిన వాగులో. ముందురోజు ప్రొఫెసరు ఎరుపు పెట్టారు. సైటు మీద భారీ వర్షమన్నారు. ప్రాజెక్టు మేనేజరు మా గదికొచ్చి, అతిథులకు కార్డులు వెళ్లిపోయాయి, పసుపు చేయమన్నాడు. ప్రొఫెసరు ససేమిరా అన్నారు. మేనేజరు ఆ బులెటిన్ ఎవరికీ చేరకుండా ఆపేశాడు.

మర్నాడు పొద్దున కంపెనీ యజమాని షేక్ పెట్టిన సమావేశానికి మా ప్రొఫెసరు సూటు మీద నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని వచ్చారు. పక్కన కూర్చున్న నేను సిగ్గుతో చచ్చాను. ఇదేమిటని షేక్ అడిగారు.

"మధ్యాహ్నం కూలీలతో కలిసి వాదీలో భోంచేస్తున్నాను. నాకు ఈత రాదు" అన్నారు ప్రొఫెసరు.

షేక్ పడీపడీ నవ్వి, "ఖలాస్, ఇక చాలు, టెంటు పైకి మార్చు" అని మేనేజరుకు చెప్పారు. నమ్మి కాదు, ముసలాయన ముచ్చట తీర్చడానికేనని నా అనుమానం.

టెంటు మార్చే చాకిరీ కంపెనీ బస్సు డ్రైవరు మస్తాన్ నెత్తిన కూడా పడింది. రాయచోటి మనిషి. బిర్యానీ డేక్సాలు గట్టెక్కిస్తూ నా మీద ఎగిరాడు. "ఏం సార్, ఆకాశంలో మబ్బు తునక ల్యాదే! మీ దొర మాటకు ఇంతమందిమి ఎండలో సావాల్నా?"

నేనూ తలెత్తి చూశాను. ఆకాశం నిక్షేపంగా నీలంగా ఉంది. ప్రొఫెసరు మాత్రం జాకెట్ విప్పకుండా, చెమటలు కక్కుతూ తిన్నారు.

భోజనాలు సగంలో ఉండగా లారీలు దొర్లుతున్నట్టు చప్పుడొచ్చింది. ఎగువన కొండల్లో పడిన వాన నీళ్లు వాదీ నిండా బురదగా దిగాయి. కింద ఇంకా పీకకుండా మిగిలిన టెంటు గుంజలు, జనరేటరు కొట్టుకుపోయాయి. మస్తాన్ చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

"యా అల్లా! మేమంతా ఆడే కదా సార్ కూచోవాల్సింది" అన్నాడు.

సైటు మీద మాత్రం చినుకు కూడా పడలేదు.

ఏ అంచనా ఏమైందో మర్నాడు సరిచూసి నమోదు చేయడం మా వృత్తిలో నియమం. ప్రొఫెసరు నాచేత "సైటు మీద వర్షం పడలేదు, అంచనా తప్పు" అని రాయించారు. మనుషులు బతికారు కదా అన్నాను. తాను కొండల వాన గురించి ఒక్క ముక్క చెప్పలేదని, గెలుపుగా రాసుకుంటే అబద్ధమవుతుందని కసిరారు. మేనేజరు ఆ కాగితం పట్టుకుని, వాన రాదని తానెప్పుడో చెప్పానంటూ ఆఫీసంతా తిరిగాడు.

ఆ తర్వాత ఉద్యోగం మానేదాకా నా బులెటిన్లలో ఎగువ కొండల వానకు విడిగా ఒక వరుస ఉంచాను. అంచనా తప్పినా హెచ్చరిక పనికొచ్చేదై ఉండవచ్చు. రెండిటికీ లెక్క వేరుగా చూడాలని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను.