మూడు దినాలు కూసొని రా

పన్నెండు రోజుల కింద, మంగళవారం పొద్దున పదింటికి ఫోన్ వచ్చింది. బోధన్‌లో మా వైండింగ్ షాపులో కూర్చుని, కోటగిరి నుంచి వచ్చిన ఒక రైతు మోటారుకు రాగితీగ చుట్టలు దింపుతున్నాను. ఫోన్ చేసింది ఫిట్టర్ మామ కొడుకు. "బాపు పోయిండు" అన్నాడు. పొద్దున చాయ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకొని కూర్చున్న మనిషి అట్లాగే ఉండిపోయాడని తర్వాత తెలిసింది. నేను వెంటనే లేవలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. చేతిలో ఉన్న చుట్టను గాడిలో దించి, కొసలు కట్టి, అప్పుడు షటర్ దించాను. పని సగంలో వదిలేసి వచ్చానని తెలిస్తే మామ లేచి కూర్చుని మరీ తిట్టేవాడు.

ఆయన మాకు చుట్టం కాదు. ఎదురింటాయన. మా అమ్మ అన్నా అని పిలిచేది కాబట్టి నాకు మామ అయ్యాడు. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు పిండే మిల్లుల దగ్గర పనిచేశాడు కాబట్టి గల్లీ మొత్తానికి ఫిట్టర్ అయ్యాడు. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో సీజన్ మొదలైతే మా ఊరి గాలే మారిపోయేది. చెరకు బండ్లు, ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరేవి. బడి నుంచి వస్తూ వెనకనుంచి ఒక్కో గడ లాక్కొని పరుగెత్తేవాళ్లం. రసం మరిగే వాసన ఉతికి ఆరేసిన బట్టలకు కూడా పట్టేది. షిఫ్టు సైరన్ విని మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక సైరన్ లేదు. మామ మాత్రం షిఫ్టు వేళకు ఖాకీ అంగీ తొడుక్కొని అరుగు మీదికి వచ్చి, చేతి గడియారం ఒకసారి చూసుకునేవాడు. పోవలసిన చోటు ఏదీ లేదు. చూసుకొని, చాయ సాసర్లో పోసుకొని తాగేవాడు.

ఆ తర్వాత ఆయన బతుకుతెరువు గల్లీలో నీళ్ల మోటార్లు, కుట్టుమిషన్లు, పిండి గిర్నీలు బాగుచేయడం. సామాన్ల సంచిలో ఎన్ని ఉన్నా ఆయన ప్రాణమంతా ఒక మూరెడు ఇనుప సలాక మీదే. ఫ్యాక్టరీలో చేరిన నాటి నుంచి చేతిలో ఉన్నది. తిరుగుతున్న మిషన్ మీద ఒక కొస ఆనించి, రెండో కొస చెవి పక్క ఎముకకు ఆనించి, కళ్లు మూసుకునేవాడు. లోపల బేరింగు సాఫీగా తిరుగుతోందా, ఎక్కడైనా గీసుకుంటోందా, సలాక గుండా వినిపిస్తుంది. ఇప్పుడు దీనికి మీటర్లు వచ్చాయి, నా షాపులోనూ ఒకటుంది. అయినా మామ వింటున్నప్పుడు ఎవరూ నోరు మెదిపేవాళ్లు కాదు. కుట్టుమిషన్ తెచ్చినామె డాక్టరు ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకొని నిలబడేది.

ఎండాకాలం ఫలితాలు రాగానే మా గల్లీ పిల్లలందరూ ఒక్కొక్కరుగా ఆయన అరుగు ఎక్కేవాళ్లు. డిగ్రీకి పోవాలా, ఐటీఐలో చేరాలా, ఏదన్నా పని చూసుకోవాలా అని. ఇంత తెలిసిన మనిషి కదా, ఏదో ఒకటి చెప్తాడని ఆశ. ఆయన ఎవరికీ ఏదీ చెప్పలేదు. "మూడు దినాలు కూసొని రా" అనేవాడు. కాలేజీ అనుకుంటే కాలేజీలో మూడు రోజులు, దుకాణం అనుకుంటే దుకాణంలో మూడు రోజులు. పోయి రాకుండా మళ్లీ వచ్చి అడిగితే చాయ కూడా పోసేవాడు కాదు. పోయి వచ్చినవాళ్లను ఆయన అడిగేది ఒక్కటే. నచ్చిందా, లేదా అని కాదు. "ఏం తప్పు జేసినవ్?" అని.

నా వంతు ఇంటర్ అయ్యాక వచ్చింది. అత్తెసరు మార్కులు, ఆకాశమంత కోపం తప్ప నా దగ్గర ఏమీ లేవు. మా బాపు చెరకు ట్రాక్టర్ నడిపేవాడు. ఫ్యాక్టరీ పోయాక ఏ కిరాయి దొరికితే దానికి పోయేవాడు, ఇంట్లో ఏ మాటా ఎత్తేవాడు కాదు. మా అమ్మ బీడీలు చుట్టేది. ఆమెకు ఒక్కటే కోరిక, నేను నిజామాబాద్‌లో డిగ్రీ చదవాలని. "నా బిడ్డ చేతికి తంబాకు వాసన అంటొద్దు" అని గల్లీలో అందరితో అనేది. చిన్నమ్మేమో నిజామాబాద్‌లోనే ఒక చీరల దుకాణంలో పని మాట్లాడి పెట్టింది. ఐటీఐ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ కాగితం నేనే తెచ్చుకొని పరుపు కింద దాచుకున్నాను. మా గల్లీ ఆడపిల్లలెవరూ అప్పటిదాకా అక్కడికి పోయింది లేదు. మూడింటికీ పక్షం రోజుల్లో జవాబు చెప్పాలి.

"నువ్వే చెప్పు మామా, నువ్వు ఏదంటె గదే జేస్త" అన్నాను.

"నేను జెప్ప."

"గింత తెల్సినోడివి, చెప్తె నీదేం పోతది?"

"పో కోడలా. మూడు తావుల్ల మూడేసి దినాలు కూసొని రా."

కోపంతో పోసిన చాయ తాగకుండా వచ్చేశాను. ఆ సాయంత్రమే పక్క గల్లీ అక్కను బతిమాలుకొని మర్నాడు ఆమె వెంట డిగ్రీ కాలేజీకి బస్సెక్కాను.

వెనక బెంచీలో మూడు రోజులు కూర్చున్నాను. తలపైన ఫ్యాను తిరిగినప్పుడల్లా టక్కుమనేది. పాఠం ఏమిటో గుర్తు లేదు, ఆ టక్కు గుర్తుంది. వచ్చాక మామ అడిగాడు. "ఏం జెయ్యలే మామా, కూసున్న, గంతే" అన్నాను. ఆయన తలూపాడు. చీరల దుకాణం నిజం చెప్పాలంటే నాకు బాగా నచ్చింది. సరిహద్దు అవతలి నుంచి వచ్చే మరాఠీ ఆడవాళ్లతో వచ్చీరాని మాటలు కలిపి చీరలు పరిచి చూపించాను. ఒకామెకు ఆకుపచ్చ చీరతో పాటు వేరే చీర జాకెట్టు ముక్క కట్టి ఇచ్చాను. ఆమె తిరిగొచ్చింది, సేటుతో సహా అందరం నవ్వుకున్నాం. మామకు అదే చెప్పాను. "గంతేనా?" అన్నాడు. "గంతే" అన్నాను.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ సారు ఒకప్పుడు మామ కింద పని నేర్చినాయన కాబట్టి ఓ మూలన కూర్చోనిచ్చాడు. రెండు రోజులు ఇనుప ముక్కను ఆకురాయితో అరగదీయించాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. నా అవస్థ చూసి అబ్బాయిలు నవ్వుతుంటే ఆకురాయి విసిరికొడదామనిపించింది. మూడో రోజు ఒక చెక్క బోర్డు ఇచ్చి మెట్ల లైటు కనెక్షన్ కట్టమన్నాడు. కింద స్విచ్ వేసి ఎక్కి, పైన స్విచ్‌తో ఆర్పేది. నేను కట్టినదాంట్లో పైన వేస్తే తప్ప కింద స్విచ్ పనిచేయలేదు. సారు తీగలు పీకేసి "రేపు సూద్దాం" అన్నాడు. నాకు రేపు లేదు. అది మూడో రోజు.

ఇంటికి పోకుండా సీదా మామ అరుగు ఎక్కాను. ఆయన అడగకముందే ఇటుక ముక్క తీసుకొని బండ మీద ఆ బోర్డు గీయడం మొదలుపెట్టాను. గీసి, చెరిపి, మళ్లీ గీసి, నాలో నేనే తిట్టుకుంటూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. "మామా, గీ తీగ నడిమి పిన్నుకు పోవాలె! నేను పక్క పిన్నుకు ఇచ్చిన!" అని అరిచాను. ఆయన పోసిన చాయ చల్లారి మీగడ కట్టింది.

"కాలేజీల తప్పే జెయ్యలేదు. చీర తప్పు బస్సు ఎక్కకముందే మర్సినవ్" అన్నాడు, సాసర్లో కొత్తగా చాయ పోస్తూ. "ఇది ఇంటిదాంక ఎంబడచ్చింది సూడు." ఐటీఐలో చేరమని అప్పుడు కూడా అనలేదు. నాకు మాత్రం ఇంక ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది.

అసలు యుద్ధం ఆ మర్నాడు. దాచిన కాగితం అమ్మ చేతికి చిక్కింది. బీడీల చాట పక్కన పెట్టి, చెప్పులైనా వేసుకోకుండా ఎదురింటికి పోయింది. వెనకాల నేను.

"నీ కొడుకు డిగ్రీ ఇడిపిచ్చి ఫ్యాక్టరీల పెట్టినవ్. ఏం బాగుపడ్డడు? ఇప్పుడు నా బిడ్డను గూడ మసిల ముంచుతవా అన్నా?"

మామ కొడుకు నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఫ్యాక్టరీ మూతపడ్డాక రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పనికి కుదిరాడని తెలుసు గానీ, డిగ్రీ సంగతి నాకు తెలియదు. మామ చేతిలోని సాసరు కింద పెట్టాడు.

"నిజమే చెల్లె. ఊర్ల చెరుకు ఉన్నన్ని దినాలు సైరన్ కూస్తదని నేనే జెప్పిన. వాడు ఇన్నడు. గందుకే ఇంకెవ్వలకు జెప్త లేను."

అమ్మ కోపం అక్కడే చల్లారిపోయింది. చివరికి మామే అన్నాడు, "నువ్వు గూడ ఒక్క దినం పోయి కూసొని రా చెల్లె" అని.

పోయింది! ఆకు, తంబాకు, దారం, చాట అన్నీ సర్దుకొని ఐటీఐ వరండాలో పొద్దటి నుంచి సాయంత్రం దాకా బీడీలు చుడుతూ కూర్చుంది. లోపల సారు మళ్లీ ఇచ్చిన బోర్డు మీద నేను తీగలు కడుతుంటే కిటికీలోంచి ఆమె తల వంగడం, లేవడం కనిపిస్తూనే ఉంది. ఆ రోజు మెట్ల లైటు వెలిగింది. కింద వేసి పైన ఆర్పి, మళ్లీ వేసి చూపించాను. వరండాలో అమ్మ చేతిలో బీడీ సగంలో ఆగింది. ఇంటికొచ్చాక, "ఆడ నీళ్లు మంచిగ లేవు. రేపట్నుంచి సీసా తీస్కపో" అంది. మా అమ్మ ఒప్పుకోవడమంటే అంతే.

ఇప్పటికీ షాపులో ఎండకు చెమటలు కారుతుంటే, నాతో ఇంటర్ చదివిన పిల్ల ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుందని గుర్తొస్తుంది. డిగ్రీ చదివుంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నేను బాధపడలేదని గొప్పలు పోను. కానీ నేను చుట్టిన మోటారు పొలంలో నీళ్లు పోసిందని రైతు ఫోన్ చేసిన రోజు, మామ అరుగు మీదికి పోయి చాయ తాగకుండా ఇంటికి పోలేదు. పెళ్లయ్యాక కూడా.

కందకుర్తి దగ్గర గోదావరిలో అస్థికలు కలిపి వచ్చారు. పదో రోజు వాళ్లింటికి పోయాను. వంటలకు నీళ్లు కావాలని ట్యాంకు మోటారు వేశారు. అది కొంచెం గరగరమంటోంది. మామ కొడుకు, వరసకు నాకు బావ, సంచిలోంచి సలాక తీశాడు. నాకు ఉండబట్టలేదు. అమ్మ ఆ రోజు అన్న మాటా, మామ చెప్పిన జవాబూ ఆయనకు చెప్పాను. నీ చదువు మాన్పించానని మీ బాపు కడదాకా కుమిలిపోయాడని కూడా.

బావ నా ముఖంలోకి వింతగా చూశాడు.

"నాకు గా డిగ్రీ ఎక్కలేదే. నెల దినాలు పోయిన, పొద్దంత ఫ్యాక్టరీ మీదనే పాణం. బాపు జెప్పకున్న గాడికే పోతుంటి. ఇప్పుడు బాయిలర్ పని గూడ నాకు మంచిగనే ఉన్నది."

"మరి ఆయనకు ఎందుకు జెప్పలే బావా?"

"అడగలే. గిట్ల మనసుల పెట్టుకున్నడని నాకేం తెల్సు? అడిగితే జెప్పకపోదునా?"

గల్లీలో పిల్లలందర్నీ కూర్చోబెట్టి అడిగిన మనిషి, ఒకే గోడ చాటున పడుకునే కొడుకును అడగలేకపోయాడు. నాకు పోయినాయన మీదా, ఉన్నాయన మీదా సమానంగా కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. బావ మోటారు ముందు గొంతుక్కూర్చుని, సలాక ఒక కొస దాని మీద, రెండో కొస చెవి పక్క ఎముకకు ఆనించి, అచ్చం మామలాగే కళ్లు మూసుకున్నాడు.

ట్యాంకు నిండి పైనుంచి నీళ్లు కారసాగాయి. లోపల ఎవరో స్విచ్ ఆపేశారు. మోటారు తిరగడం నెమ్మదించి, ఆగిపోయింది. బావ కళ్లు తెరవలేదు. సలాక చెవి దగ్గరే పెట్టుకొని అట్లాగే కూర్చున్నాడు.