చూడని ఊరి చరిత్ర

మొన్న ఆదివారం ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌లో మా ఇంట్లో కూర్చుని టీవీ చూస్తుంటే, ఒకాయన బ్రిటన్‌లో, ఇంగ్లండుకూ వేల్సుకూ సరిహద్దులోని ఓ చిన్న ఊరి ఎగువబజారు ఎక్కుతూ కనిపించాడు. గడియారస్తంభం దాటగానే కుడివైపు ఇరుకుసందు వస్తుంది, అది ఒకప్పటి ఉన్ని వర్తకుల వీధి అన్నాను మావారితో. అన్నట్టే వచ్చింది. ఆ దేశంలో నేనెన్నడూ కాలుపెట్టలేదని తెలిసిన మనిషి గనక ఆయన తెల్లబోయారు. నాకు మాత్రం సంతోషం కలగలేదు సరికదా, పాత ఉక్రోషమొకటి మళ్లీ రగిలింది.

మా రోజుల్లో ఎవరైనా ఏం చదువుతున్నావమ్మా అని అడిగి, చరిత్ర అనగానే అయ్యో పాపం అన్నట్టు చూసేవారు, మీకూ గుర్తుండే ఉంటుంది. నేను కాన్‌బెర్రా వచ్చింది మా ఇచ్ఛాపురం గురించి రాద్దామని. ఒరిస్సా పొలిమేరలో ఊరు మాది. బరంపురం వెళితే తెలుగువాళ్లనేవారు, శ్రీకాకుళం వెళితే ఒడియావాళ్లనేవారు. ఈ తికమక ఎక్కడ మొదలైందో తేల్చాలని నా పట్టుదల. మా ప్రొఫెసరుగారేమో వేల్స్ సరిహద్దు మీద పేరుమోసిన పండితుడు. మీ ఊరి కాగితాలు ఇక్కడ లేవు, సరిహద్దు ఎక్కడైనా సరిహద్దే, ముందు నాకు తెలిసిన ఊరి మీద పని నేర్చుకో, తరవాత మీ ఊరు రాసుకుందువుగాని అన్నారు. నా స్కాలర్‌షిప్పు ఆయన మాట మీద నడిచేది కాబట్టి తలూపాను.

ఇక చూడండి, బయట డిసెంబరు ఎండ మండిపోతుంటే, నేను లైబ్రరీ నేలమాళిగలో మైక్రోఫిల్ము యంత్రం ముందు కూర్చుని, ఎక్కడో మంచు కురిసే ఊళ్లో కోట ఎవరు కట్టారో, ఎవరు కూల్చారో, గొర్రెలమందలు ఏ దారిన సంతకొచ్చేవో కళ్లు పోయేలా చదివేదాన్ని. ఊరు వేల్సులో, దాని రైలుస్టేషను ఇంగ్లండులో! అది చదివినరోజు నవ్వొచ్చింది, వెంటనే మా ఊరు గుర్తొచ్చి ఒళ్లు మండింది కూడా.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు టేపురికార్డరు పట్టుకెళ్లి మా మేనత్త ముందు పెట్టాను. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రమై బరంపురం అటు పోయినప్పుడు ఆవిడ చిన్నపిల్ల, వాళ్లక్కకు అప్పటికే పెళ్లయింది.

"ఏటడుగుతావే! మా అప్పని బరంపురం ఇచ్చినప్పుడు పక్కీదికి ఇచ్చినట్టుండీది. ఒకరోజు అది వేరే రాష్ట్రమన్నారు. మేం ఎవులమూ కదల్లేదు, గీతే కదిలింది" అంది. క్యాసెట్టు అయిపోయింది గానీ ఆవిడ మాటలు అయిపోలేదు. మళ్లీ వచ్చినప్పుడు మిగతాది చెప్తానంది.

తిరిగొచ్చి అదంతా ఇంగ్లీషులో రాసి చూపిస్తే, ప్రొఫెసరుగారు ఓపిగ్గానే చదివారు. బాగుంది గానీ ఇవి పెద్దావిడ కబుర్లు, ఆధారం కావు అన్నారు.

"మరి మీ ఊరి పెద్దావిడల మాటలు మీరెందుకు రాయలేదు?" అని అడిగేశాను.

"వాళ్లంతా ఎప్పుడో పోయారు కదా!"

"అందుకేనండీ, ఈవిడ ఉండగానే రాద్దామంటున్నాను."

ఆయన చిన్నగా నవ్వి, ముందు థీసిస్ పూర్తిచెయ్యి అన్నారు. అంతే. ఆ థీసిస్ రెండుసార్లు వెనక్కొచ్చింది. ఊరి పేరు ఇంగ్లీషులో రాస్తే ఒక పరీక్షకుడికి పడదు, వెల్షులో రాస్తే ఇంకొకాయనకు పడదు. నేను పళ్లు కొరుక్కుంటూ పేజీలు తిరగరాస్తున్న రోజుల్లోనే మా మేనత్తకు పక్షవాతం వచ్చింది. డిగ్రీ చేతికొచ్చాక పరుగున వెళ్లి మంచం పక్కన కూర్చుంటే, నన్ను గుర్తుపట్టి చెయ్యి గట్టిగా పట్టుకుంది. పెదవులు కదిలాయి, మాట మాత్రం రాలేదు. ఆవిడ కళ్లలోనూ నా ఉక్రోషమే కనిపించింది నాకు.

తరవాత నాకు ఇక్కడే గవర్నమెంటు ఆఫీసులో ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. ఇప్పుడు కాలం మారింది. అమ్మమ్మల మాటే ఆధారమంటూ యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నారు, పిల్లలు ఫోను ముందుపెట్టి రికార్డు చేస్తూ ఎవరినైనా ఏమైనా అడుగుతున్నారు. మావైపు ఆనాటి సంగతులు చెప్పగలిగినవాళ్లే ఒక్కరూ మిగల్లేదు. "మమ్, సో వాట్ ఆర్ వీ, తెలుగా ఒడియానా?" అని మా అమ్మాయి అడుగుతుంటుంది. పరాయి ఊరి గురించి గంటసేపు మాట్లాడగల నేను, మా మేనత్త ఇలా అనేది అంటూ మొదలుపెట్టి, నాలుగు మాటలయ్యేసరికి, ఆ క్యాసెట్టు అయిపోయిన చోటే ఆగిపోతాను.