ఆశమ్మ గుమాస్తా

ఇప్పుడంటే మోచెయ్యి అడ్డం పెట్టుకుని నలుగురిలోనే దగ్గుతున్నాం గానీ, ఆ రోజుల్లో నాకు దగ్గడానికి కూడా పరువు అడ్డొచ్చేది. అప్పటికి మా వంశానికి మిగిలినవి జగ్గయ్యపేటలో మూడు గదులు, మా మామ్మ, నిటారుగా ఉండే నా వెన్ను. మొదటి రెండూ పాతబడిపోయాయి గనుక ఇంటి గౌరవమంతా మూడోదాని మీదే పడింది. సిమెంటు లారీల బుకింగు ఆఫీసులో చిట్టాలు రాసేవాణ్ణి. (మా మామ్మ మాత్రం అందరితో 'మావాడు లారీలు చూసుకుంటున్నాడు' అనేది.)

మూడు వారాలుగా దగ్గు, సాయంత్రమయితే జ్వరం. కాలు ఒకచోట నిలిచేది కాదు. కూర్చుంటే దగ్గొస్తుందని వీధి చివరిదాకా నడవడం, నడిస్తే ఆయాసమొస్తుందని మళ్ళీ కూర్చోవడం. మా వీధి ఆశా కార్యకర్త (అందరికీ ఆశమ్మ) ఒకరోజు గేటు దగ్గరే ఆపేసింది. "బాబుగారూ, కళ్ళె పరీక్ష చేయించుకుందాం రండి." "మా ఇళ్ళల్లో అలాంటి జబ్బులుండవు" అన్నాను. "జబ్బుకి ఇళ్ళ సంగతి తెలవదుగదండీ" అంది.

మర్నాడే బస్సెక్కి, నన్నెరిగినవాళ్ళు ఉండరని నందిగామ వెళ్ళి పరీక్ష చేయించుకున్నాను. టీబీ అని తేలింది. చిరునామా అడిగారు. అబద్ధం చెప్పడం మా ఇంటావంటా లేదు గనుక సరైనదే చెప్పాను. ఆ ఊళ్ళో అంత గుట్టుగా దాచిన రహస్యం మూడో రోజు ఉదయం ఆశమ్మ సంచిలో మా గుమ్మంలోకి వచ్చింది. ఏ వీధి రోగి మందులు ఆ వీధి కార్యకర్తకే వస్తాయని నాకెవరు చెప్పారు?

"ఇచ్చి వెళ్ళు, వేసుకుంటాను" అన్నాను. "నా ముందే వేసుకోవాలండి. ఏదీ, నోరు తెరవండి. నాలిక పైకెత్తండి." మా తాతగారి పటం ముందు నిలబడి రోజూ నాలిక పైకెత్తేవాణ్ణి. ఒక్కరోజు మానినా జబ్బు మొండికేస్తుందట. ఆరు నెలలు ఇలాగే. మామ్మకీ పరీక్ష చేయించింది. ఆవిడకేమీ లేదు.

ఎవరికీ తెలియకూడదని ఆశమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను. పక్కింటావిడ ఊరుకుంటుందా? "రోజూ వాళ్ళింటికేంటే?" అని అడిగింది. "బాబుగారి దస్తూరీ ముత్యాల్లా ఉంటది, రిజిస్టర్లు రాయించుకుంటన్నా" అంది ఆశమ్మ. మర్నాటినుంచి నిజంగానే రిజిస్టర్లు మోసుకొచ్చింది. "అబద్ధమాడితే పాపంగదండీ, రాయండి." గర్భిణులు, చంటిపిల్లల టీకాలు, దోమపిల్లలున్న నీళ్ళ తొట్లు అన్నీ రాశాను. (మా వెనకింటి తొట్టి సంగతి తెలిశాక ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగడం మానేశాను.)

రెండు నెలలయింది. దగ్గు తగ్గింది, ప్యాంటు బిగిసింది. ఓ ఉదయం టీ కొట్టుకి వెళితే, బెల్లం టీ బాబాయి గ్లాసు అందిస్తూ "ఏం బాబూ, ఆశమ్మ దగ్గర గుమాస్తాగా కుదిరావంటగా" అన్నాడు. బెంచీ మీదున్నవాళ్ళంతా నవ్వారు. "తాతగారు దివాణం నడిపితే మనవడు దోమల్ని లెక్కేస్తన్నాడు" అన్నారెవరో. నా వెన్ను దానంతటదే నిటారుగా లేచింది.

"నేనెవరి దగ్గరా గుమాస్తాను కాను. నాకు టీబీ. ఆవిడ రోజూ వచ్చి మందు మింగించి వెళుతుంది. తెలిసిందా?"

బెంచీ మీద నా పక్కనున్నాయన మెల్లగా జరిగాడు. టీ తాగి, గ్లాసు పెట్టి, ఇంటికి నడిచాను. ఇక ఈ వీధిలో తలెత్తుకోలేననుకున్నాను.

మర్నాడు మాత్ర మింగుతుంటే గుమ్మంలో బెల్లం టీ బాబాయి. మెడ చుట్టూ తువ్వాలు. "నిన్న ఊరికే అన్నాలే బాబూ. నువ్వు చూస్తే తేరుకున్నావు. నాకూ నెల్లాళ్ళుగా పోవట్లా దగ్గు. తెలిస్తే కొట్టుకి రారని..." అని ఆగిపోయి, అటు తిరిగి తువ్వాల్లో దగ్గాడు. ఆశమ్మ ఏమీ అడక్కుండా సంచిలోంచి కళ్ళె డబ్బీ తీసి చేతిలో పెట్టింది. అతనికీ టీబీయే. సమయానికి పట్టుకున్నారు, కొన్నాళ్ళు కొట్టు మూసి, మళ్ళీ తెరిచాడు.

ఆ నెలాఖరున ఆశమ్మ రిపోర్టు ముందుకి తోసి, "రాయండి బాబుగారూ. అవగాహన సభ, ఒకటి. స్థలం, టీ కొట్టు. మాట్లాడినవారు..." అని నా వంక చూసింది. అది అవగాహనా కాదు, ధైర్యమూ కాదు, ఉత్త పొగరు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. అయినా వెన్ను నిటారుగా పెట్టుకుని, అక్కడ తన పేరే ఇంటిపేరుతో సహా గుండ్రంగా రాసుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే, ఇప్పటికీ మందలించబోయి నవ్వేస్తాను.