గేదె అంటేనే నడిచే బర్రె

మా బడిలో కోపిష్ఠి అంటే నేనే. ఐలేశ్ వచ్చాక ఆ పేరు అతనికి బదిలీ అయింది. మొగుళ్లపల్లి దగ్గర హైస్కూల్లో నేను తెలుగు చెప్తాను. నా తరగతికీ కంప్యూటర్ గదికీ మధ్య గోడ సగం వరకే ఉంది, పైన జాలీ. అందుకని ఐలేశ్ కంప్యూటర్లను తిట్టే తిట్లన్నీ వచ్చి నా పద్యాల మధ్యలో పడేవి. పిల్లలు కిసకిస నవ్వేవాళ్లు. నేను స్కేలుతో గోడ మీద టకటక కొడితే కాసేపు ఆగి, మళ్లీ అందుకునేవాడు.

అతనిది జఫర్‌గఢ్. తండ్రి దుర్గయ్యకు గొర్ల మంద ఉండేది. చిన్నప్పుడు సాంఘిక శాస్త్రం పుస్తకం అంచుల మీద గొర్రెను గీసి, పేజీలు గబగబా తిప్పితే అది దుంకేదట. అదే పుస్తకంతో సారు తన వీపు విమానం మోత మోగించాడని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు. పెద్దయ్యాక హైదరాబాద్‌లో యానిమేషన్ నేర్చుకుని ఒక స్టూడియోలో చేరాడు. అక్కడ ఏం చేశావు తమ్మీ అని ఒకసారి అడిగాను.

"గడ్డి ఊపిన అక్కా," అన్నాడు.

ఎవరో గీసిన గడ్డిని గాలికి ఊగేటట్టు చేయడమే అతని పనట. ఆ గడ్డి మేసే జీవాన్ని మాత్రం ఏనాడూ అతని చేతికివ్వలేదు. విసుగొచ్చి వదిలేసి, బళ్లలో కంప్యూటర్ నేర్పే ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద చేరాడు. మన పిల్లల చేత మన బొమ్మలు నడిపిస్తానని ఎంత ఆశపడి వచ్చాడో పాపం.

వస్తే ఏముంది? కంపెనీ టెంప్లేట్లు పంపింది. టెంప్లేట్ అంటే ఏంది సార్ అని పిల్లలు అడిగితే, ఇటుకల అచ్చు లాంటిదని చెప్పాడు. బొమ్మ గీసి ఉంటుంది, అది ఎట్లా నడవాలో లోపల రాసి ఉంటుంది. పిల్లలు పేరు రాసి, రంగు మార్చి, అడిగిన మాట టైప్ చేస్తే చాలు, ఆకుపచ్చ టిక్కు పడుతుంది. ఆ టిక్కులు ఎన్ని పడితే బడి అంత బాగా చదువుతున్నట్టు. లోపల రాసినదాన్ని మాత్రం కెలకొద్దని కంపెనీ గట్టిగా చెప్పింది. దాంతో పిల్లలు ఆ క్లాసుకు అచ్చు పీరియడ్ అని పేరు పెట్టుకున్నారు.

మొదటి టెంప్లేట్ పేరు ‘మా పల్లె’. తెర మీద ఒక నల్లటి జీవం నిలబడి ఉంటుంది. ఈ జంతువు పేరు ఏమిటి అని కింద ప్రశ్న. సరైన పేరు టైప్ చేస్తే అది నడుచుకుంటూ పోయి చెరువులో దిగుతుంది. ఇంత సులువా అని పిల్లలంతా ఉషారుగా బర్రె అని కొట్టారు. తప్పు, మళ్ళీ ప్రయత్నించండి అని ఎర్ర గీత వచ్చింది. మళ్లీ కొట్టారు, మళ్లీ అదే. అది కదలదు, మెదలదు.

వర్ష పరుగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చింది. ఎనిమిదో తరగతి పిల్ల. తల్లి ముత్తమ్మ పొద్దున పాలు పోసి కూలికి పోతుంది. ఇంట్లో ఉన్న ఒక్క బర్రెకు కుడితి పెట్టడం, కడగడం, సాయంత్రం ఇంటికి తోలుకు రావడం వర్ష పని. "మేడం, బర్రెకు బండి ర ఉంటదా?" అని అడిగింది. పాతకాలపు రాతలో ఉండేదమ్మా అన్నాను. అంతే, లోపలికి ఉరికి అందరి చేతా బఱ్ఱె అని కొట్టించింది. అక్షరదోషమే అనుకున్నారు గానీ, పొద్దున లేస్తే చూసే బర్రె పేరే తప్పవుతుందని ఏ పిల్లకు తోస్తుంది? గదినిండా ఎర్రగీతలు. చివరికి ఐలేశే లోపల తెరిచి చూసి నెత్తి కొట్టుకున్నాడు. దానికి గేదె అనాలట.

కంపెనీకి ఫోన్ చేశాడు. ‘గేదె’ పక్కన ‘లేదా బర్రె’ అని రాస్తే చాలు, ఒక్క ‘లేదా’ పెట్టండి సార్, మా దగ్గర ఎవ్వరూ గేదె అనరు అని బతిమాలాడు. అటువైపు మనిషి అంతా విని, పిల్లల చేత గేదె అని టైప్ చేయించండి, అదే సరైన మాట అన్నాడు. మర్నాడు మళ్లీ చేశాడు, ఆ పై వారం మళ్లీ. దున్నపోతు మీద వాన పడ్డట్టే. మా హెడ్మాస్టరేమో మన బడికి టిక్కులు తక్కువ పడుతున్నాయని ఒకటే గోల. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం ఆయన.

"నేను నేర్పుతున్ననా అక్కా, అచ్చులకు కాపలా కాస్తున్ననా?" అన్నాడు ఐలేశ్ ఒకరోజు. నాకూ ఒళ్లు మండింది. నువ్వు ఇన్నేళ్లు గడ్డి ఊపింది చాలదా, తెరిచి చూపించు పిల్లలకు, ఏం కొంప మునుగుతుందో చూద్దాం అన్నాను.

చూపించాడు. చాలామంది ఒకసారి తొంగిచూసి మళ్లీ రంగులు మార్చుకోవడంలో పడ్డారు. వర్ష మాత్రం ఆ లోపలి రాతనే పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం భోజనం గబగబా తినేసి, మౌస్‌తో తిప్పలు పడుతూ ఒక్కో బొమ్మ గీసేది. కంపెనీ గేదె కుర్చీ జరిపినట్టు పోయేది. వర్ష బర్రె తల ఊపుతూ, తోకతో ఈగలు కొట్టుకుంటూ, మధ్యలో ఆగి వెనక్కి చూసి మరీ పోయేది. చెరువులో దిగాక అందులోనే కూలబడేది, ఎంతకీ లేచేది కాదు. బర్రె అని రాస్తేనే కదిలేది. ఇంకేమన్నా రాస్తే మొహం పక్కకు తిప్పుకునేది. అచ్చం వాళ్లింటి బర్రెకున్న పొగరే అని పిల్లలు పడీపడీ నవ్వారు. ఐలేశ్ కూడా కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. అతను నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

భూపాలపల్లిలో జిల్లా ప్రదర్శన ఉందని తెలిసింది. ఎంపికైన బొమ్మల్ని పెద్ద తెర మీద వేస్తారు. వర్ష బర్రె ఆ తెర మీద నడవాలి. ఆ ఏడాది ఐలేశ్‌కు వేరే కోరిక లేదు, వర్షకు అసలే లేదు. ముత్తమ్మ కూలి మానుకుని, బిడ్డకు రెండు జడలు గట్టిగా అల్లి పంపింది.

ఆ రోజు కంపెనీ నుంచి ఒక పరిశీలకుడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. మా బల్ల దగ్గరికొచ్చి, కూర్చోకుండానే వంగి గేదె అని కొట్టాడు. బర్రె మొహం తిప్పుకుంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ తిప్పుకుంది. ప్రాజెక్టు పనిచేయడం లేదన్నాడు.

"పేరు పెట్టి పిలువుండ్రి సార్, వస్తది," అన్నాడు ఐలేశ్.

ఆయనకు అర్థం కాలేదు. ఐలేశ్ తనే బర్రె అని కొట్టి నడిపించి చూపించాడు. పరిశీలకుడు చూశాడు, బాగుందని కూడా అన్నాడు. కానీ టెంప్లేట్ మారింది కాబట్టి టిక్కు పడదు, టిక్కు లేనిది తెర మీద వేయడానికి కుదరదు అన్నాడు. నేను ఊరుకుంటానా? బర్రె తెలుగు మాట కాదా, ఎవరు చెప్పారు మీకు అని గట్టిగానే అడిగాను. మెత్తగా నవ్వి, కాదనడం లేదు మేడం, సిస్టమ్ తీసుకోదు అన్నాడు. ఆయన్ని తిట్టడానికి కూడా లేదు. అంత మర్యాదగా చెప్పాడు.

తర్వాత పెద్ద తెర మీద గేదెలు నడిచాయి. ఒక బడిది ఎర్ర గేదె, ఒక బడిది నీలం గేదె, మిగతాదంతా అచ్చు గుద్దినట్టు ఒకటే. ఒక్కోటి చెరువులో దిగిన ప్రతిసారీ చప్పట్లు. వర్ష కూడా కొట్టింది, కొట్టమన్నారు కాబట్టి. తిరుగు బస్సులో చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "ఆ సారోళ్ల ఇంట్ల బర్రె లేదా మేడం?" అని అడిగింది. లేదేమో బిడ్డా అన్నాను. ఐలేశ్ ముందు సీట్లో కూర్చుని ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఆ తర్వాత కంపెనీ కొత్త టెంప్లేట్లు పంపింది. ఈసారి లోపలికి పోయే దారికి తాళం వేశారు. పాతవన్నీ చెరిపేశారు, వర్ష గీసిన బర్రె కూడా వాటితోనే పోయింది. ‘లేదా’ మాత్రం పెట్టలేదు.

అవి వచ్చాక మొదటి పీరియడ్‌లో జాలీలోంచి ఒక్క తిట్టూ వినబడకపోయేసరికి నాకు భయమేసి లేచి వెళ్లి చూశాను. గదినిండా గేదెలు నడుస్తున్నాయి. ఎవరూ చెప్పకుండానే పిల్లలంతా గేదె అని కొట్టారు. తెరలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. ఐలేశ్ వర్ష కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. ఆమె తెర మీదా గేదె నడుస్తోంది, తోక ఊపకుండా, ఎక్కడా ఆగకుండా.

"ఏంది వర్షా, నీ బర్రె ఏమాయె?" అన్నాడు మెల్లగా.

వర్ష తల తిప్పలేదు.

"అది ఇంటికాడున్నది సార్. గిది గేదె."