ముట్టిన తేదీ

పొద్దున కొరియర్ వచ్చింది. కవరు చింపకముందే పెన్ను వెతుక్కుని వెనక తేదీ వేశాను. జిగురు వాసన తగలగానే రాజమణక్క టేబుల్ గుర్తొచ్చింది: గమ్ము సీసా, ముద్రల డబ్బా, ఎవరడిగినా ఇవ్వని నీలం పెన్ను.

హన్మకొండలో నేను బిల్లింగ్ చేసే విత్తనాల కంపెనీలో ఏ కాగితమైనా అక్క రిజిస్టర్ దాటాల్సిందే. అప్పుడు నాకు ఐదో నెల. ప్రసూతి సెలవు అడిగిన వారానికే మేనేజర్ ఆమె చేత ఒక కవరు ఇప్పించాడు. ఉద్యోగం తీసేశారట. పైన తేదీ మాత్రం రెండు నెలల కిందటిది! చింపి అతని ముఖాన కొడదామని లేచాను. అక్క చెయ్యి పట్టుకుంది.

"కూసో. ముందు రిజిస్టర్ల సంతకం పెట్టు."

"పెడితే ఒప్పుకున్నట్టే గదక్కా!"

"ఒప్పుకున్నట్టు కాదు, కాయిదం చేతికి ముట్టినట్టు. పక్కన ఇయ్యాల్టి తేదీ వెయ్. ఆ ఫోను ఎప్పుడు చేతిలనే ఉంటది గద, పేజీ ఫోటో గొట్టు."

కొట్టాను. ఆ తర్వాత రోజుకో స్టేటస్ పెట్టి మేనేజర్‌ని తిట్టాను. వాటికి జవాబుగా కోపం మొహాల బొమ్మలు వస్తుంటే పోరాడుతున్నాననే అనుకున్నాను. ఒకరోజు అక్క సెలవు పెట్టి కాశిబుగ్గలో మా ఇంటికొచ్చింది.

"స్టేటస్ పెడితే కేసు పెట్టినట్టా పిల్లా? కాయిదం ముట్టిన కాడి నుంచి అరవై దినాలే గడువు. ఇయ్యాల యాభై ఎనిమిది. లే, చెప్పులేస్కో."

ఆటోలో కార్మిక శాఖ ఆఫీసుకు తీసుకెళ్ళింది. నా అర్జీ నకలు మీద ముద్ర పడేదాకా కిటికీ ముందు నుంచి కదల్లేదు.

విచారణలో మేనేజర్ లెటర్ మీది తేదీ చూపించి, గడువు ఎప్పుడో దాటిందన్నాడు. నేను తీసిన పేజీ ఫోటో దొంగదన్నాడు. అధికారి మేడం అసలు రిజిస్టర్ తెమ్మన్నారు. తెచ్చింది రాజమణక్కే. రిటైర్మెంట్‌కు ఇంకా ఏడాది ఉంది. పక్కనే మేనేజర్ గుడ్లురుముతున్నాడు.

"ఇది రాసిందెవరు?"

"నేనే మేడం. ఆమె సంతకం, తేదీ, కింద నా సంతకం. ఈ సారుకు జాయినింగ్ కాయిదం ముట్టిన తేదీ గూడ ఉన్నది పాత రిజిస్టర్ల. తెమ్మంటరా?"

మేడం రిజిస్టర్‌లోని తేదీనే లెక్కలోకి తీసుకున్నారు. నాకు ఉద్యోగం, సెలవు రెండూ దక్కాయి. అక్కను మాత్రం గోదాముకు మార్చారు. అక్కడికి వెళ్ళిన రోజే ఆమె కొత్త రిజిస్టర్‌కు గీతలు గీసుకుందట.

నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఆఫీసులో ఇలాగే తీసేశారని ఏ అమ్మాయైనా ఏడుస్తూ ఫోన్ చేస్తే ఒళ్ళు మండిపోతుంది. అయినా ముందు అడిగేది ఒక్కటే.

"కాయిదం ఎన్నడు ముట్టింది?"