పెళ్లిచూపులకి మోసుకెళ్లిన కబడ్డీ షీల్డులు

మా చిన్నప్పుడు... సాంబయ్య బాబాయ్ తన పెళ్లిచూపులకి యూరియా గోతం భుజానేసుకుని మాచర్ల బస్సెక్కాడు. వెనకే తాతయ్యా, నేనూ. గోతంలో పూలూ పళ్లూ ఏమీ లేవు... అన్నీ కబడ్డీ షీల్డులే!

ఎందుకంటే, అమ్మాయి వాళ్లన్న కోటేశ్వర్రావు నరసరావుపేటలో స్టేషను రోడ్డు కాలేజీలో చదివాడు. మా బాబాయ్‌ది కొండ రోడ్డు కాలేజీ. ఆ రెండు కబడ్డీ జట్లకీ ఉప్పూ నిప్పూ. జట్టు ఓడిపోయినా ఫరవాలేదు... బెస్ట్ రైడర్ మనోడైతే చాలు, ఆ ఏడాదంతా కాలరెగరేసుకుని తిరిగేవాళ్లు.

బాబాయ్ ఆ అమ్మాయిని కోటప్పకొండ తిరునాళ్లలో చూశాడు. అప్పట్నుంచీ అన్నం సయించడం లేదు. ఈ సంబంధం తప్పితే అసలు పెళ్లే వద్దని నాయనమ్మ దగ్గర ఒకటే గొడవ. అంత ఇష్టమున్న మనిషి నోరు మూసుకుని కూర్చోవచ్చుగా!

కజ్జికాయల పళ్లెం ఇంకా కింద పెట్టనే లేదు...

"మీ కాలేజీలో రైడర్లు ఎవరున్నార్లే," అన్నాడు కోటేశ్వర్రావు.

"ఏందీ? ఎవరున్నారా?" అంటూ బాబాయ్ గోతాన్ని చాప మీద బోర్లించాడు.

ఆయనా అటక మీదున్న తన షీల్డులు దించుకొచ్చాడు. బెస్ట్ రైడర్‌కి బెస్ట్ రైడర్, బెస్ట్ క్యాచర్‌కి బెస్ట్ క్యాచర్... పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నారు. సరిసమానంగా తేలేసరికి బాబాయ్ గోతం అడుగు నుంచి ఇంకో బుల్లి కప్పు తీశాడు.

నేను ఊరుకోలేకపోయాను. "బాబాయ్, అది నాది! బళ్లో నిమ్మకాయ చెంచా పందెంలో వచ్చింది!"

కోటేశ్వర్రావు పడీపడీ నవ్వాడు. "ఒరేయ్, ఎవర్ని చూసి నవ్వుతున్నావ్‌రా?" అని బాబాయ్ చొక్కా చేతులు మడిచాడు. తాతయ్యకి తల కొట్టేసినట్టయింది.

"లెగండి, పోదాం. ఈ సంబంధం మనకొద్దు," అని కండువా దులిపి లేచాడు. ఇక బాబాయ్ మొహం చూడాలి... ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు లోపల్నుంచి అమ్మాయే వచ్చింది. మాచర్ల కాలేజీలో చదువుకున్న పిల్ల.

"ఇయ్యన్నీ చానా బాగున్నయ్ గానీ... ఫైనల్లో కప్పు మీ ఇద్దర్లో ఎవరెత్తారు? ఏటేటా మా మాచర్లోళ్లే గదా పట్టుకపోయింది! నేను ఈల కూడా ఏశా."

ఇద్దరూ గబగబా ఎవరి షీల్డులు వాళ్లు ఏరుకోవడం మొదలెట్టారు. తాతయ్య నవ్వాపుకోలేక మళ్లీ కూర్చుని కజ్జికాయ అందుకున్నాడు.

"పిల్ల మాకు నచ్చింది. మరి మావోడు నచ్చాడామ్మా?"

"ఆ గోతం ఇంటికాడ పెట్టొచ్చుంటే ఎప్పుడో నచ్చేవాడు!" అంది మా పిన్ని, నవ్వు దాచుకుంటూ.

ఇప్పుడా కాలేజీల కబడ్డీ కోర్టుల్లో బస్సులు నిలబెడుతున్నారు. కూత పెట్టే పిల్లలు కనపడక దిగులేస్తుంది. బాబాయీ, కోటేశ్వర్రావు మామయ్యా మాత్రం మోకాళ్లకి నొప్పుల మందు రాసుకుంటూ ఇంటి వాట్సాప్ గ్రూపులో ఇంకా అదే గోల... బెస్ట్ రైడర్లు ఎవరికెక్కువని!

పిన్ని ఇద్దరి షీల్డులూ ఒకే షోకేసులో కలిపి సర్దింది. మధ్యలో నా నిమ్మకాయ కప్పు. వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది... "మా ఇంటి మొత్తానికి ఫస్టొచ్చింది ఇదొక్కటే!"

మరి మీ షోకేసుల్లో ఎవరి కప్పులున్నాయో చెప్పండి... పక్కవాళ్లవి కలపకుండా!