గేటు దాటించే జబ్బు మనిషి

పెట్రోలు దొరకని యుద్ధం రోజుల్లో కుప్పానికీ మదనపల్లెకీ నడుమ వెనక బొగ్గు పొయ్యి కట్టుకొని దాని గ్యాసుతో నడిచే లారీ తోలినోణ్ణి నేను. దారిలో పుంగనూరికి ముందు ఒక వంతెన, ఆ వంతెనకొక సుంకం గేటు. దాన్ని వేలంలో పాడుకున్న కాంట్రాక్టరు ఎప్పుడో గాని కనపడడు. మా లారీ కంపెనీ సావుకారికి మాత్రం ఆ గేటు కంట్లో నలుసు. లారీ గుంతలో పడి ఇరుసు విరిగినా ఓర్చుకుంటాడు గాని, గేటు కాడ సుంకం కట్టినామంటే ఆ పూట అన్నం ముట్టడు.

మొదట సోమల మీదుగా చుట్టుదారిన పొమ్మన్నాడు. యాడి కుప్పం, యాడి సోమల! పోయినాం. ఏటి ఇసుకలో దిగబడితే ఎద్దుల్ని కట్టి లాగించుకున్నాం. తర్వాత ఎవరి చేతనో గేటు బోర్డు చదివించుకున్నాడు. ఆస్పత్రికి జబ్బు మనిషిని తీసకపోయే బండికి సుంకం లేదని అందులో ఉండాది. ఇంకేం, కంపెనీలో కొత్త రూలు పుట్టింది. మదనపల్లెకు పోయే ప్రతి లోడు మీదా ఒక జబ్బు మనిషి ఉండాల్సిందే. సుంకం కట్టిన డ్రైవరు లారీ దిగి ఇంటికి పోవచ్చు.

జబ్బు మనుషులు రోజూ యాడ దొరుకుతారు? అందుకని ఒకణ్ణి జీతానికి పెట్టినాడు మహానుభావుడు! కలకడ పక్క వీధినాటకాల్లో రాజు వేషాలు కట్టి, పళ్లూడి ఆట మానుకున్న ముసలాయన. శెనక్కాయ మూటల మీద దుప్పటి కప్పుకొని పడుకోవడం, గేటు కనపడతానే మూలగడం, ఇదీ ఆయన ఉద్యోగం. బొగ్గు పొగకు దగ్గు నిజంగానే వచ్చేది. తిరిగి వచ్చేటప్పుడు లారీ ఖాళీ, ఖాళీ బండికి సుంకం లేదు. లేకుంటే మా సావుకారి ఆయన్ను శవంగా కూడా పడుకోబెట్టేవాడే.

గేటు కాసే ఆయన మిషన్ బడిలో చదువుకున్న క్రైస్తవుడు. గేటు పక్కనే గుడిసెలో భార్యతో కాపురం. ఆ గుడిసె కూడా ఉద్యోగంతో వచ్చిందే. మూలుగు వింటానే పరుగెత్తుకొచ్చేవాడు. "యాలప్పా, ఇంకా తగ్గలేదా?" అని ముసలాయన నెత్తిన చెయ్యి పెట్టి, కళ్లు మూసుకొని ప్రార్థన చేసేవాడు. ఆయమ్మ మజ్జిగ తెచ్చిచ్చేది. మా రాజుగారు అది తాగి ఇంకో రెండు మూలుగులు ఎక్కువ మూలిగేవాడు. నేను స్టీరింగు పట్టుకొని నవ్వు ఆపుకునేవాణ్ణి. సిగ్గు లేదా అంటే, అప్పటికింకా లేదు.

ఒక పొద్దు గేటు కాడ కాంట్రాక్టరు నలుగురిని వెంటేసుకొని కుర్చీలో కూర్చోనుండాడు. జనాన్ని చూస్తానే మా ముసలాయనకు పూనకం వచ్చేసింది. వట్టి మూలుగుతో ఆపినాడా? చెయ్యెత్తి, గొంతు విప్పి, యుద్ధంలో పడిన రాజు ప్రాణం విడిచే పద్యం రాగం తీసి పాడినాడు! కాంట్రాక్టరు కుర్చీలోంచి లేచినాడు.

"వీడు కలకడ నాటకంలో రాజు కదరా!"

కోపమంతా గేటాయన మీదికి పోయింది. "లారీవాళ్లతో కుమ్మక్కై నా గేటు ముంచుతాండావా?"

"నాటకాలోళ్లకు జబ్బు రాదా దొరా? చెయ్యి పెట్టి సూసినా, ఒళ్లు కాలతాండాది," అన్నాడాయన.

కాలదా మరి, నడినెత్తిన ఎండ, పక్కనే బొగ్గు పొయ్యి! కాంట్రాక్టరు నా పక్క తిరిగినాడు. "నువ్వు చెప్పు డ్రైవరూ. ఇందులో వీడికి వాటా ఉందా, లేదా?"

ఆయనకేం తెలీదు, మోసం మాది అంటే చాలు. ఆయన గుడిసె నిలబడతాది, నా ఉద్యోగం పోతాది. నేను లారీ దిగి బొగ్గు పొయ్యి కెలకబట్టినాను. ఆ పొద్దు దాన్ని కెలకాల్సిన పనేమీ లేదు. నేను కెలకతా ఉండంగానే, సాయంత్రానికల్లా గుడిసె ఖాళీ చెయ్యమని కాంట్రాక్టరు ఆయనకు చెప్పేసినాడు.

కంపెనీ గుట్టు బయట పెట్టనందుకు సావుకారి నన్ను పిలిచి జీతం పెంచినాడు. అన్నేళ్లు బండి తోలినందుకు పెంచని మనిషి! నేను తీసుకున్నాను. థూ, ఏం బతుకు నాది.

కొన్ని నెలలకు గంగవరం కాడ రోడ్డు పక్కన ఆ మొగుడూ పెండ్లాం కంకర కొడతా కనపడినారు. చూడనట్లు పోదామనుకున్నాను గాని ఆయన అడ్డమొచ్చి చెయ్యెత్తినాడు.

"ఆ పెద్దాయన ఎట్లుండాడప్పా?"

"నయమైంది," అన్నాను.

"దేవునికి స్తోత్రం!" అని పెండ్లాం పక్క తిరిగి కేకేసి చెప్పినాడు. మళ్లీ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించినాడు. "ఆ పొద్దు నుంచి నీ గురించే దిగులప్పా. జబ్బు మనిషిని ఎక్కించుకొచ్చినందుకు మీ సావుకారి నిన్నేమన్నా అన్నాడా?"

"లేదు. జీతం పెంచినాడు."

సుత్తి కింద పెట్టి, దుమ్ము చేతుల్తోనే నా చెయ్యి పట్టుకున్నాడు.

"పోన్లేప్పా. మనిద్దరిలో నీకైనా మంచి సావుకారి దొరికినాడు."